వాడు దీవెన అని పేరు పెట్టిన పాట

అక్టోబర్ 9

పొద్దున్నే మా వంటింట్లో అమ్మ గొంతు వినిపించింది. అమ్మ ఉండేది సెర్బియాలో, నెగోటిన్ దగ్గర మా పల్లెలో. నేనుండేది వియన్నాలో, ఓటాక్రింగ్‌లో, ట్రామ్ పోయినప్పుడల్లా గ్లాసులు గలగలలాడే మూడో అంతస్తులో. రొట్టె కోస్తున్న కత్తి అక్కడే పడేసి వెనక్కి తిరిగాను. ఫ్లోరికా ఫోన్ బల్ల మీద పెట్టుకుని, బూట్ల తాళ్లు బిగించుకుంటూ తల ఊపుతోంది.

"అమ్మా, అమ్మమ్మే! కూమ్ కొత్త పాట. బడిలో అందరి నోటా ఇదే" అంది. ఏదో బహుమతి విప్పి చూపిస్తున్నట్టుంది దాని ముఖం.

అది పాట కాదు. శోకం. నా తమ్ముణ్ణి, త్రాయ్లో వాడి పేరు, మట్టిలో పెట్టిన రోజు అమ్మ సమాధి పక్కన కూర్చుని పెట్టిన శోకం. దాని కింద డ్రమ్ములు, గుండె మీద ఎవరో రోకలితో దంచుతున్నట్టు. రెండు ముక్కలు విన్నానో లేదో, ఫోన్ లాక్కుని రొట్టెల డబ్బాలో పడేసి మూత పెట్టాను.

"నీకేమైనా పిచ్చా?" అంది కూతురు.

అవును, పిచ్చే.

అక్టోబర్ 10

ఇది కూమ్ విటోమీర్ పని కాదు.

నిదానంగా ఆలోచించాను. మా పాటలు వేసే రికార్డింగ్ కంపెనీలో కొత్తగా చేరిన నిర్మాత ఒకడున్నాడు, మెడలో శాలువా తియ్యడు, ప్రతిదానికీ "మూలాలు, మూలాలు" అంటాడు. వాడే చేసుంటాడు. తమ్ముణ్ణి మట్టిలో పెట్టిన రోజు విటో కూడా మా ఊళ్లో ఉన్నాడు కదా, అప్పుడు వాడి ఫోన్‌లో ఎలాగో పడుంటుంది. ఆ శాలువాగాడు దొరకబుచ్చుకుని ఉంటాడు. విటోకి తెలిసి ఉండదు. తెలిస్తే ఊరుకుంటాడా? ఫ్లోరికాకి జ్ఞానతండ్రి, దాన్ని బాప్టిజం తొట్టెలోంచి రెండు చేతులతో అందుకున్నవాడు. వాడు నాకు కూమ్, పిలిచేటప్పుడు కూమె; నేను వాడికి కూమా. మాలో తోడబుట్టినవాడితోనైనా పోట్లాడొచ్చు, కూమ్ ఇంటికొస్తే లేచి నిలబడాల్సిందే.

పని మధ్యలో ఫోన్ చేశాను. ఎత్తలేదు. బెర్లిన్‌లో ఉన్నాడట. చప్పట్లు కొట్టే బొమ్మ ఒకటి పంపాడు.

చూశావా, ఏమీ తెలియదు పాపం.

అక్టోబర్ 11

వినలేదు.

అక్టోబర్ 13

ఆదివారం. బేకరీ సెలవు. అకార్డియన్ పెట్టె తెరిచి, మళ్లీ మూసేశాను.

ఇది రాసుకోకపోతే నిద్ర పట్టేట్టు లేదు. చిన్నప్పుడు మా వీధిలో ఎవరు పోయినా అమ్మనే పిలిచేవాళ్లు. పౌనా, అంటే మా అమ్మ, వచ్చి శోకం పెట్టందే శవం లేచేది కాదు. ఒకరికి పెట్టిన శోకం ఇంకొకరికి పెట్టదు. పోయినవాడి పేరు పెట్టి, వాడి ఆవునీ వాడి గొడ్డలినీ వాడు కట్టకుండా వదిలేసిన గోడనీ తలుచుకుని, అప్పటికప్పుడు కడుతుంది. శవం లేని ఇంట్లో, పొయ్యి దగ్గర, ఊరికే నోటికొచ్చిందని కూనిరాగం తీసినా చెంప పగలగొట్టేది. "ఎవర్ని పిలుస్తున్నావే ఇంట్లోకి?" అని.

నాకు నేర్పమని ఎన్నిసార్లు అడిగానో. పెళ్లికి ముందు అడిగాను, ఇక్కడికొచ్చాక అడిగాను, త్రాయ్లో పోయాకా అడిగాను. భవంతి మీద పరంజా విరిగి పడ్డ నా తమ్ముడికి నా నోటితో రెండు మాటలు చెప్పుకోవాలని ఉండదా? "నేర్పితే నీకు అవసరం పడుతుంది. నేను బతికుండగా నీకా అవసరం రాకూడదు" అంది అమ్మ.

మా జట్టు "మూడో ఒడ్డు" పెట్టి పదిహేనేళ్లు. విటో పుట్టింది ఇక్కడే, వాళ్ల నాన్నది క్రాగుయెవట్స్ వైపు, వాడికి సెర్బియన్ వచ్చు గానీ మా వ్లాహ్ భాష ఒక్క ముక్క రాదు. నేను మా తిమోక్ లోయ ఆటపాటలు అకార్డియన్ మీద వాయిస్తే వాడు తన యంత్రాలతో కింద బేస్ వేసి, జాజ్ కలిపి, నగరం పిల్లలు గెంతేటట్టు చేస్తాడు. గొప్పగా చేస్తాడు, ఎందుకబద్ధం చెప్పాలి. పెళ్లి పాటలు ఇచ్చాను, కోత పాటలు ఇచ్చాను, నాటు సారా తాగి పాడే బూతు పాటలు కూడా ఇచ్చాను. ఒక్కటే చెప్పాను మొదటి రోజే. చావు మాత్రం ముట్టుకోకు, కూమె.

"నా తలకాయ తెగినా ముట్టుకోను" అన్నాడు. గ్లాసు గ్లాసుకి తగిలించి మరీ అన్నాడు.

కాబట్టి వాడు కాదు.

అక్టోబర్ 15

ఇవాళ కూడా వినలేదు. ట్రామ్‌లో ఎవడి చెవిలోంచో వినబడితే ముందు స్టాపులోనే దిగిపోయాను. వానలో నడిచాను.

అక్టోబర్ 16

వాడే.

వాడి దుంప తెగ, వాడే.

సాధన గదికి వెళ్లేసరికి విటో నేల మీద కూర్చుని తీగలు చుట్టుకుంటున్నాడు. బెర్లిన్ నుంచి ఉత్సాహం మూటగట్టుకొచ్చినట్టున్నాడు. నన్ను చూసి లేచి మూడు ముద్దులూ పెట్టాడు, ఎప్పటిలాగే. నేనూ చెంప ఇచ్చాను. సిగ్గు లేకపోతే సరి.

"విన్నావా కూమా? ఏడ్చావా? నేనైతే కలిపేటప్పుడే ఏడ్చాను" అన్నాడు.

"ఎవడు దొంగిలించాడు నీ ఫోన్‌లోంచి?" అన్నాను. ఇంకా వాడికి దారి చూపిస్తున్నాను చూడు, తప్పించుకుపో నాయనా అని.

"దొంగతనమేంటి? ఆగస్టులో వెళ్లి అడిగాను. మీ అమ్మగారే పాడిచ్చారు."

ఆగస్టులో వీడు సముద్రానికి పోతున్నానన్నాడు. మాంటెనెగ్రోకి. తిరిగొచ్చాక వాళ్లింట్లో బల్ల మీద అమ్మ చేసే ఆయ్వార్ పచ్చడి సీసా చూశాను, ఎర్ర గుడ్డ మూతకట్టుతో. నేనే ఎప్పుడో ఇచ్చుంటాను అనుకున్నాను. అనుకోవడానికేం, నా తలకాయ ఎన్నైనా అనుకుంటుంది.

"నాకు చెప్పకుండా మా అమ్మ దగ్గరికి వెళ్లావా?"

"చెబితే వద్దనేదానివి."

"వద్దనేదాన్నని తెలిసే వెళ్లావన్నమాట."

"దొమ్నికా, నువ్వు వంటింట్లో కొంగున కట్టుకుని దాచుకుంటే ఆ గొంతు మట్టిలో కలిసిపోతుంది. నేను బతికించాను. లిస్బన్‌లో, బెర్లిన్‌లో మీ అమ్మ పాటకి జనం ఆడుతున్నారు. నీకు కోపం ఎందుకో నాకు నిజంగా అర్థం కావట్లేదు." కాస్త ఆగి, ముద్దు చేస్తున్నట్టు గొంతు తగ్గించి, "ఇంకో సంగతి విన్నావా? నా పేరు పెట్టి పాడారు. విటోమీరా, విటోమీరా అని. నన్ను దీవించారు కూమా. అందుకే 'అమ్మ దీవెన' అని పేరు పెట్టాను" అన్నాడు.

పాట మీద నా పేరు ఉందా అని అడగలేదు. లేదని ముందే చూశాను.

అకార్డియన్ భుజానికి తగిలించుకుని బయటికొచ్చేశాను. మెట్ల దగ్గర పట్టీ తెగింది. అక్కడే కూర్చుని ఏడ్చాను. ఇక్కడ రాస్తే తప్పేముంది, ఏడ్చాను.

అక్టోబర్ 17

నాకేం బాధ లేదు.

అక్టోబర్ 20

అమ్మకి ఫోన్ చేశాను. మేక ఈనిందట. పక్కింటి వాళ్లు చావుకి ముందే తమ పిండాలు తామే పెట్టుకున్నారట, మూడు గొర్రెలు కోశారట, పెద్ద ఆర్భాటమట. అరగంట మేక గురించీ గొర్రెల గురించీ విన్నాను. చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టు, "ఎండాకాలంలో విటో వచ్చాడా?" అన్నాను.

"వచ్చాడు. కూమ్ కదా, రాడూ?" అంది.

ఫోన్ పెట్టేశాను.

నాకు లేదంది. కడుపున పుట్టిన నాకు నేర్పనంది. తమ్ముడు పోయినప్పుడు నేను మూగదానిలా కూర్చుని అకార్డియన్ వాయించాను, సంవత్సరం తీరాక పోయినవాడికి చేరేలా వాడి పేర ఊళ్లో ఆట పెట్టినప్పుడు కూడా వాయించడమే నా వంతు. ఆ ఆట వరసలో విటో నా తమ్ముడి ఫోటో పట్టుకుని నడిచాడు. అలాంటివాడు వెళ్లి అడిగితే, పక్కన కూర్చోబెట్టుకుని పాడిందట! పైగా దీవించిందట! ఇద్దరూ కలిసి నన్ను నమ్మించి గొంతు కోశారు. వాడు పరాయివాడు, పోనీ. నువ్వెందుకే అమ్మా?

అక్టోబర్ 23

బేకరీలో మూడు పళ్లాలు మాడబెట్టాను. యజమానురాలు ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

అక్టోబర్ 26

ఫ్లోరికాతో పోట్లాట. ఆ పాట ఇంట్లో వినబడకూడదన్నాను.

"నాకు అమ్మమ్మ గొంతు వినాలని ఉండదా? ఏడాదికోసారి తీసుకెళ్తావు. ఆవిడ మాట్లాడేది నాకు సగం అర్థం కాదు, నువ్వు నేర్పావా? ఇందులోనైనా వింటాను" అంది.

నువ్వు నేర్పావా, అట. ఈ ఇంట్లో ఆడవాళ్లందరికీ ఒకటే ప్రశ్న.

తలుపు వేసుకుంది. తలుపు వెనక నుంచి కూనిరాగం. వాడు ఒక ముక్క కోసి మళ్లీ మళ్లీ తిప్పినట్టున్నాడు, అది అదే పాడుతోంది, అర్థం తెలియకుండా, ఉచ్చారణ అంతా తప్పు. నేను చెవులు మూసుకుని గిన్నెలు తోమాను.

అక్టోబర్ 27

సంధికి అదే వచ్చింది. కాఫీ కప్పు పట్టుకుని నా మంచం మీద కూర్చుంది.

"ఒక్క సంగతి చెప్పి పోతాను, అరవకు. ఆ పాటలో తాళం డ్రమ్ము కాదు తెలుసా? కూమ్ భలే చేశాడు. అమ్మమ్మ వంటింటి గడియారం లేదూ, కుంటుతున్నట్టు నడిచేది, టిక్ అని కాస్త ఆగి టక్ అనేది? అదే. దాని మీదే మొత్తం పాట కట్టాడు" అంది.

"ఏ గడియారం?"

"పొయ్యి మీద గోడకుంటుందే, కోడిపుంజు బొమ్మది."

లేచి కూర్చున్నాను.

సమాధి దగ్గరికి తీసుకెళ్లి పాడి ఉంటుందనుకున్నాను ఇన్నాళ్లూ. సమాధి దగ్గర గడియారం ఎక్కడిది? సమాధి దగ్గర గాలి ఉంటుంది, కాకులుంటాయి, పూజారి దగ్గు ఉంటుంది. వంటింట్లో పాడిందా? అమ్మా? శవం లేని ఇంట్లో, పొయ్యి ఎదురుగా?

నన్ను ఊరికే కూనిరాగం తీస్తేనే కొట్టిన మనిషి.

అక్టోబర్ 28

పని ఎగ్గొట్టి అమ్మకి ఫోన్ చేశాను. ఈసారి మేకని అడగలేదు.

"నిజం చెప్పు. వంటింట్లో పాడావా?"

"పాడాను."

"అమ్మా!"

"అరవకే, చెవులు బానే వినిపిస్తాయి. ఏం చెయ్యమంటావు? వచ్చాడు. చెంచాడు మురబ్బా పెట్టాను, నీళ్లిచ్చాను. త్రాయ్లో శోకం పాడి ఫోన్‌లోకి ఇవ్వమన్నాడు. కుదరదు నాయనా అన్నాను. పెళ్లి పాట పాడతానన్నాను. వద్దన్నాడు. నా కాళ్ల దగ్గర కూర్చుని, చెయ్యి పట్టుకుని, దేవుడి మీదా పవిత్ర యోవాను మీదా అడుగుతున్నాను, కూమ్‌గా అడుగుతున్నాను అన్నాడు."

ఆ మాట మా ఊళ్లో ఎప్పుడంటారో నాకు తెలుసు. పగవాడు గొడ్డలి ఎత్తితే కాళ్ల మీద పడి అంటారు. బిడ్డకి ప్రాణం మీదికొస్తే రక్తం ఇమ్మని అంటారు. ఆ మాట అన్నాక కాదంటే తరతరాలకీ తగులుతుందంటారు. దాన్ని వీడు పాట కోసం అన్నాడు. వ్లాహ్ మాట ఒక్కటీ నేర్చుకోనివాడు ఆ మాట మాత్రం నేర్చుకున్నాడు. నేర్పింది నేనే అయ్యుంటాను, ఏ కచేరీ నుంచి వస్తూనో, బండిలో, కబుర్లలో.

"ఇక కాదనే దారేది?" అంది అమ్మ. "కానీ నా కొడుకుని వంటింట్లోకి పిలుస్తానా? వాడిప్పుడిప్పుడే దారి పట్టి పోతున్నాడు. పేరు వినబడి వెనక్కి తిరిగితే? తోవ తప్పితే? వాడి పేరు ఎత్తలేదు. వాడి శోకంలో ఒక్క మాట ముట్టుకోలేదు."

"మరి ఎవరికి పెట్టావు?"

"అడిగినవాడికి."

"అమ్మా, వాడు బతికే ఉన్నాడు."

"విటోమీర్ ఉన్నాడు. ఆ మాట ఒక పాట కోసం ఎప్పుడన్నాడో, కూమ్ అప్పుడే పోయాడు. నా ఎదురుగానే పోయాడే దొమ్నా, నా చెయ్యి పట్టుకునే పోయాడు. పోయినవాడికి పెట్టకపోతే తప్పు కదా? పెట్టాను. నిజంగానే ఏడుపొచ్చింది. మంచివాడే, ఆ పిల్లని ఎత్తుకుని ఎంత తిప్పాడు..." ముక్కు చీదిన చప్పుడు. "వాడు వెళ్లాక గోధుమలు ఉడికించి, కొవ్వొత్తి పెట్టి, పక్కింటివాళ్లకి వాడి పేర పళ్లెం పంపాను. చెయ్యాల్సినవన్నీ చేశాను. ఏదీ మిగల్చలేదు."

"వాడికి చెప్పావా?"

"ఎందుకు చెప్పను? ఇది నీకే నాయనా అని సెర్బియన్‌లోనే చెప్పాను. సంబరపడి చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు."

నవ్వు వచ్చింది. బతికుండగానే తద్దినం పెట్టించుకుని, దాన్ని ఊరూరా తిప్పుకుంటున్నాడు వెధవ! నవ్వి నవ్వి పొట్ట పట్టుకున్నాను. తర్వాత నవ్వు ఎటు పోయిందో తెలీదు.

"నీకు ముందే ఎందుకు చెప్పలేదంటావేమో," అంది అమ్మ, "నీకింకా కూమ్ ఉన్నాడు కదా అని. నా నోటితో ఎందుకు చంపాలి?"

అదే రోజు

మొదటిసారి మొత్తం విన్నాను. బాత్‌రూమ్‌లో, గడియ పెట్టుకుని.

లే విటోమీరా, లే నాయనా, పొద్దెక్కింది. నీవాళ్లు వాకిట్లో నిలబడ్డారు, పలకరించవేం? వాగు దాటేటప్పుడు ఎవరి చెయ్యి పట్టుకుంటావు? దారి చీకటి, ఎవరు తోడొస్తారు విటోమీరా? కన్నతల్లి లేదు కదా నీకు, ఆ కొవ్వొత్తీ నేనే వెలిగిస్తా, ఆ రొట్టే నేనే విరుస్తా.

వాడు కోసి తిప్పిన ముక్క అదే. ఎవరు తోడొస్తారు విటోమీరా, ఎవరు తోడొస్తారు విటోమీరా. ఫ్లోరికా కూనిరాగం తీసేది అదే. ఓటాక్రింగ్ అంతా పాడేది అదే.

నవంబర్ 3

విటో ఇంటికి వచ్చాడు. పువ్వులతో. సరి సంఖ్యలో తెచ్చాడు, చావింటికి తెచ్చినట్టు. పువ్వుల కొట్టువాడు చెప్పలేదో, వీడు వినలేదో.

నేను లేచి నిలబడ్డాను. కాఫీ పెట్టాను. కాళ్లు వాటంతటవే చేస్తాయి ఈ పనులు.

పాట పెద్ద వేదిక మీద మొదటిసారి ఇరవై రెండున వాయిస్తారట. నేను లేకపోతే కుదరదట. మొహమాటంగా కప్పు తిప్పుతూ, "కోపం తీర్చుకో, తిట్టు, కొట్టు, కానీ రా. పోస్టర్ మీద నీ పేరు వేయించాను" అన్నాడు.

"రాను."

అప్పుడు అన్నాడు. నా చెయ్యి పట్టుకుని, కళ్లలోకి చూస్తూ. "దేవుడి మీదా పవిత్ర యోవాను మీదా, కూమా."

ఎంత తేలిగ్గా వస్తోందో నోటికి.

"వస్తాను" అన్నాను.

నవంబర్ 9

చెప్పాలా వద్దా?

చెప్పాలి. పదిహేనేళ్లు ఒకే బండిలో నిద్రపోయాం, ఒకే సార్మా కుండలోంచి తిన్నాం. నా మొగుడు వదిలేసి పోయినప్పుడు ఈ వంటింటికి సున్నం వేసింది వాడే, పాడుకుంటూ వేశాడు, సగం సున్నం నేల మీదే. తమ్ముడి శవపేటికతో ఆ దూరమంతా బండి నడిపింది వాడే. అలాంటివాడు తన చావుపాట నెత్తిన పెట్టుకుని తిరుగుతుంటే చూస్తూ ఊరుకోవడమా? ఎవరైనా నవ్వితే? ఎవరైనా చెబితే?

చెప్తాను. వేదిక ఎక్కే ముందు చెప్తాను. వాడు ఆ మాటలు ఏమిటని ఒక్కసారి అడిగితే చాలు, అన్నీ చెప్పేస్తాను, ఏడ్చేస్తాను, అంతా మరిచిపోతాను.

అడుగుతాడు. అడగకుండా ఎందుకుంటాడు?

నవంబర్ 15

సాధన. అడగలేదు.

నవంబర్ 18

సాధన. శాలువాగాడు వచ్చాడు. "ఆ వేదన, ఆ వేదన" అన్నాడు. విటో అడగలేదు.

నవంబర్ 23

నిన్న జరిగింది పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను. కాఫీ చల్లారిపోయింది, పోనీ.

హాలు కిటకిటలాడింది. ముందు వరసల నిండా ఇక్కడి పిల్లలు. వెనక గోడకి ఆనుకుని మావాళ్లు, పోస్టర్ మీద దొమ్నికా అని చూసి వచ్చినవాళ్లు. కూరగాయల బజారు యాంకు తాత కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, పెళ్లికొచ్చినట్టు భార్యతో వచ్చాడు. వాళ్లెవరూ ఆ పాట విని ఉండరు. వాళ్ల చెవుల్లో ఇంకా మా పెళ్లి పాటలే.

తెర వెనక చీకట్లో విటో చెమట తుడుచుకుంటున్నాడు. దగ్గరికెళ్లాను.

"కూమె, ఆ పాటలో అమ్మ ఏమంటోందో తెలుసుకోవాలని నీకెప్పుడూ అనిపించలేదా?"

అడుగురా, అడుగు, ఏమంటోంది అని ఒక్క మాట అను.

వాడు నా భుజం తట్టాడు. "అర్థం ఎందుకు కూమా? అర్థం తెలిస్తే మాయ పోతుంది. ఆ గొంతు చాలు."

అంతే. ఏదో తలుపు వేసిన చప్పుడు కూడా రాలేదు. పట్టీ బిగించుకుని వేదిక మీదికి నడిచాను.

వాడు మైకులో, "ఇది మా కూమా వాళ్ల అమ్మగారు నాకిచ్చిన దీవెన" అని జర్మన్‌లో చెప్పాడు. చప్పట్లు. గడియారం మొదలైంది, టిక్, కాస్త ఆగి, టక్. అమ్మ గొంతు హాలంతా పరుచుకుంది. ముందు వరసలు గెంతుతున్నాయి, చేతులు గాల్లో, ఎవరు తోడొస్తారు విటోమీరా అని వందమంది వంకర నోళ్లతో పాడుతున్నారు.

వెనక మావాళ్లు కదలడం మానేశారు. యాంకు తాత చెవి వెనక చెయ్యి పెట్టుకుని విన్నాడు. భార్య వైపు తిరిగి ఏదో అడిగాడు. ఆవిడ విటో వైపు చూసి శిలువ గుర్తు వేసుకుంది. తాత టోపీ తీశాడు. ఆ వరసలో ఒక్కొక్కరూ టోపీలు తీశారు. పేరుంది, శోకముంది, జనం ఆడుతున్నారు. కానీ ఆట ఎవరికి ఇస్తున్నారో ఎవరూ చెప్పలేదు. మాలో అలా చెప్పకుండా ఆడకూడదు. చెప్పకపోతే ఆ ఆట ఎవరికీ చేరదు, దిక్కులేకుండా తిరుగుతుంది. నావైపు చూశారు. వాయించేవాళ్లే చెప్పాలి కదా.

నేను కావాలని చెయ్యలేదు అని రాసుకుందామని కలం పట్టుకున్నాను. కొట్టేస్తున్నాను. కావాలనే చేశాను.

మైకు దగ్గరికి లాక్కుని మా భాషలో చెప్పాను. "ఈ ఆట కూమ్ విటోమీర్‌కి. వాడి ముందుకి చేరాలి, వాడి దారి వెలగాలి."

"బొగ్దప్రోస్తే" అన్నారు మావాళ్లు, గోడ పొడుగునా, ఒకే గొంతుతో. దేవుడు వాడిని మన్నించుగాక.

తన పేరు వినబడగానే విటో గుండె మీద చెయ్యి పెట్టుకుని, నడుం దాకా వంగి, వాళ్లకి దండం పెట్టాడు.

నేను తమ్ముడు త్రాయ్లోకి వాయించిన ఆటే వాయించాను. వేళ్లు ఎక్కడా తడబడలేదు. మావాళ్లు చేతులు పట్టుకుని, గెంతే పిల్లల చుట్టూ, నెమ్మదిగా ఒక వరస తిరిగారు. యాంకు తాత ముందు నడిచాడు. కొవ్వొత్తి లేదు కాబట్టి లైటర్ వెలిగించి పట్టుకున్నాడు, వేలు కాలుతున్నా ఆర్పలేదు.

అయిపోయాక వాళ్లు వరసగా వచ్చి విటోతో కాక నాతో చెయ్యి కలిపారు. "మంచివాడేనా అమ్మాయ్?" అని అడిగాడు తాత, విటో పక్కనే నిలబడి నవ్వుతుండగా.

"చాలా మంచివాడు తాతా" అన్నాను.

నవంబర్ 24

పొద్దున విటో ఫోన్ చేశాడు. సంతోషంతో గొంతు బొంగురుపోయింది.

"కూమా, మీవాళ్లు కన్నీళ్లు పెట్టించారు. అందరూ కలిసి ఏదో అన్నారే, అదేంటి? నాక్కూడా నేర్పు, వచ్చే పాటలో వేసుకుందాం."

ఇన్నేళ్లకి అడిగాడు. అడగాల్సింది తప్ప.

"నేర్పను. నీకు అవసరం పడుతుంది" అన్నాను. అన్నాక గానీ తెలియలేదు అది ఎవరి మాటో. ఫోన్ పెట్టేశాను.

ఫ్లోరికా గుమ్మంలో నిలబడి వింటోంది. "అమ్మమ్మ ఏమంటోంది అందులో?" అంది. కూర్చోబెట్టి మొదటి నుంచి ఒక్కొక్క మాటా చెప్పాను. మధ్యలో దాని ముఖం మారిపోయింది. తనని తొట్టెలోంచి ఎత్తినవాడు కదా. "మరి ఇప్పుడు నాకు కూమ్ లేడా?" అని, జవాబు వినకుండానే లేచి వెళ్లిపోయింది.

అది బయటికి వెళ్లాక వంటింట్లో ఒక్కదాన్నే కూర్చున్నాను, వాడు సున్నం వేసిన గోడ ఎదురుగా. పోయినవాడికి ఇంట్లోవాళ్లు ఎవరో ఒకరు ఏడవాలి. నోరు తెరిచాను. లే విటోమీరా, అన్నాను. ఆ తర్వాత మాట రాలేదు. నాకు శోకం పెట్టడం రాదు, అమ్మ నేర్పలేదు.

అందుకని వాడి పాటే పెట్టుకున్నాను. గడియారం మొదలైంది. అమ్మ పాడుతుంటే తల బల్లకి ఆనించి, చివరిదాకా ఏడ్చాను.